అరుణాచలానికి వదిలేసిన ప్రశ్న

చలం 1950లో బెజవాడ ఇల్లు విడిచి అరుణాచలం వెళ్ళిపోయాడు. 1979లో అక్కడే పోయాడు. ఈ నడుమ గడిచిన ఇరవైతొమ్మిదేళ్ళను ఏం చేసుకోవాలో తెలుగు సాహిత్య విమర్శకు ఇప్పటికీ తోచలేదు.

భక్తుల పక్షానికి మాత్రం ఏ సందేహమూ లేదు. స్వేచ్ఛ స్వేచ్ఛ అని గొంతు చించుకున్నవాడు చివరకు రమణ భగవాన్ పాదాల దగ్గరకే చేరాడు గదా, అంతకు ముందు రాసిందంతా అజ్ఞానం, పశ్చాత్తాపమే ఆయన అసలు సందేశం అని వారు తీర్పు చెప్పేస్తారు. మన పక్షానికీ సందేహం లేదు. ‘పలాయనవాదం’ అని ఒక్క మాట అనేసి, 1950కి పూర్వపు చలాన్ని అలమారలో పెట్టుకొని, తరువాతి చలాన్ని గుమ్మం బయట నిలబెడతాం. చూడటానికి ఈ రెండు తీర్పులూ పరస్పర విరుద్ధాలు. నిజానికి రెండూ ఒకటే. మనిషిని నడిమికి కోసి, తమకు పనికివచ్చే ముక్క తాము తీసుకొని, రెండో ముక్కను ఎదుటివాడికి అప్పగించడమే ఇద్దరూ చేసిన పని.

భక్తులతో మనకు తగవు ఎలాగూ ఉన్నదే. ఈ వ్యాసం మాత్రం మన పక్షంతో తగవు పెట్టుకోవడానికే రాస్తున్నాను. ఎందుకంటే ఆ రెండో ముక్కతో పాటు మనం ఒక ప్రశ్నను కూడా అప్పగించేశాం. నేనెవణ్ణి, నా పక్కనున్న మనిషికి నేనేమవుతాను, నేను నమ్మినదానికీ నా బతుకుకీ మధ్య దూరమెంత అన్న ప్రశ్న అది. ఆత్మజ్ఞానం అనే పేరు దానికి తగిలించి ఉన్నది గనక అది మనది కాదనుకున్నాం. ఆశ్రమాలు దాన్ని సంతోషంగా పుచ్చుకున్నాయి. ఇప్పుడు ఆశ్రమాలే కాదు, రైల్వే స్టేషన్ పుస్తకాల కొట్టు కూడా పుచ్చుకున్నది. ‘నిన్ను నువ్వు తెలుసుకో’ అనే పుస్తకాలు అక్కడ దొంతులు దొంతులుగా ఉంటాయి. ఉద్యోగం పోయినవాడికీ, మొగుడి చేత తన్నులు తిన్నదానికీ, అప్పులపాలైనవాడికీ అన్నింటికీ కారణం నీలోనే ఉన్నదని ఆ పుస్తకాలు చెబుతాయి. యజమానికి అంతకంటే ఏం కావాలి?

సరే, చలం దగ్గరకే వద్దాం.

దైవం ఆయనకు యాభైయారో ఏట ఆకాశం నుంచి ఊడిపడలేదు. కాకినాడలో చదువుకునే రోజుల్లోనే రఘుపతి వెంకటరత్నం నాయుడుగారి ప్రభావంలో బ్రహ్మసమాజంలోకి వెళ్ళినవాడు ఆయన. తరువాత దాన్నీ వదిలేశాడు. రవీంద్రుడి గీతాంజలిని తెలుగు చేశాడు. నడుమ ఎంత తిరుగుబాటు చేసినా, ఎన్ని కట్టుబాట్లను తెంచినా, ఆ మనిషిలో ఒక లక్షణం మారలేదు. సగం సగం దేనితోనూ ఆయనకు తృప్తి లేదు. ప్రేమ అయితే అది సంపూర్ణంగా ఉండాలి, లేకపోతే వద్దు. భక్తుడు దేవుడి మీద మోపే బరువంతా ఆయన స్త్రీపురుషుల ప్రేమ మీద మోపాడు. ప్రేమలేఖలు చదివినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. ఆ పుస్తకంలో ప్రియురాలిని తీసి ఈశ్వరుణ్ణి పెట్టినా చాలా పుటలు అలాగే నిలుస్తాయి.

1927 నాటి మైదానం చూడండి. రాజేశ్వరి ప్లీడరు భర్తను విడిచి అమీర్‌తో వెళ్ళిపోయింది. ఎక్కడికి? మైదానానికి. అక్కడ ఇరుగూ లేదు, పొరుగూ లేదు, అత్తలేదు, ఆచారం లేదు. మన విమర్శకులు ఆ పుస్తకాన్ని కుటుంబ వ్యవస్థ మీద తిరుగుబాటు అన్నారు. నిజమే. తొంభై ఏళ్ళు దాటినా ఆ తిరుగుబాటు వేడి చల్లారలేదు. కాని ఆ మైదానంలో సంఘం ఎంత లేదో శ్రమ కూడా అంతే తక్కువ. రేపటి బియ్యం సంగతి, బిడ్డల సంగతి, జబ్బు చేస్తే చూసేవారి సంగతి అంచులలోనే ఉంటాయి. సంఘాన్ని మొత్తం కోసేసిన తరువాత మిగిలేది స్వచ్ఛమైన ప్రేమ అని రచయిత ఆశ. మిగిలింది ఏమిటి? అసూయ వచ్చింది, అధికారం వచ్చింది, కథ రక్తంలో ముగిసింది. ఇక్కడే నాకు చలం మీద గౌరవం. తన సిద్ధాంతాన్ని కాపాడుకోవడానికి కథను వంచలేదు. మైదానానికి పారిపోయినా మొగవాడు తన మొగతనాన్ని వెంట తీసుకుపోతాడని కథ చెప్పింది, రచయిత చెప్పనిచ్చాడు. సిద్ధాంతం గెలవాలనుకునే రచయితకు ఇది సాధ్యమయ్యే పని కాదు.

అయితే ఆ ఓటమి నుంచి రెండు దారులు ఉన్నాయి. మనుషుల మధ్య ఉన్న ఆస్తి, అధికారం, పని పంపకం మారకుండా మైదానంలోనైనా మేడలోనైనా ప్రేమ నిలవదు గనక ఆ సంబంధాలను మార్చాలి అనుకోవడం ఒకటి. ఏ మనిషీ ఆ బరువు మోయలేడు గనక, ఆ బరువును మోయగల దాన్ని వెతుక్కోవాలి అనుకోవడం రెండోది. చలం రెండో దారి పట్టాడు. అది భావవాదం. ఇందులో నాకు మొహమాటం లేదు. కాని ఆయన రెండో దారి పట్టాడని తిట్టే హక్కు మొదటి దారిలో కొంతదూరమైనా నడిచినవాడికి ఉంటుంది. మనం నడిచామా?

ఇటువంటి సందర్భంలో ఎలా చదవాలో మనకు తెలియని విషయం కాదు. 1908లో లెనిన్ టాల్‌స్టాయ్ మీద రాసిన వ్యాసాన్ని మనం తరగతుల్లో చెప్పుకుంటాం. టాల్‌స్టాయ్ ప్రభువు, దైవభక్తుడు, చెడును ఎదిరించవద్దని బోధించినవాడు. లెనిన్ ఆ బోధను నిర్దాక్షిణ్యంగా చీల్చాడు. అయినా ఆయనను నడిమికి కొయ్యలేదు. ఆ వైరుధ్యాలు ఒక్క మనిషి బుర్రలో పుట్టినవి కావనీ, రష్యా రైతాంగపు ఆగ్రహమూ నిస్సహాయతా రెండూ ఆ అద్దంలో కనిపిస్తున్నాయనీ చూపించాడు. బోధ తప్పు గనక అద్దం కూడా అబద్ధం అనలేదు. చలంలోని వైరుధ్యాలను అలా చదివిన అభ్యుదయ విమర్శ ఎంత? ఇంగ్లీషు చదువూ సర్కారు ఉద్యోగమూ ఉన్న బ్రాహ్మణ మధ్యతరగతి, ఇంట్లో పాత ధర్మాన్ని భరించలేక, బయట కొత్త ధర్మాన్ని నిర్మించే శక్తి చాలక కొట్టుకున్న కొట్టుకుంటూ మొత్తం ఆయన రచనలలో ఉన్నది. పాఠశాలల పర్యవేక్షణ ఉద్యోగం చేస్తూ, పిల్లలను బడి అనే చెర నుంచి విడిపించమని బిడ్డల శిక్షణ రాసిన మనిషి ఆయన. వైరుధ్యం అంటే ఇది కాక మరేమిటి?

టాల్‌స్టాయ్ మాట వచ్చింది గనక ఇంకో సంగతి. ఆయన తన పాపాలను, సంశయాలను ప్రపంచం ముందు ఒప్పుకున్నాడు. ఆత్మపరిశీలనకు అంతకంటే పెద్ద ఉదాహరణ లేదంటారు. ఆ పెద్ద నవలల చిత్తుప్రతులను రాత్రుళ్ళు కూర్చొని మళ్ళీ మళ్ళీ శుద్ధప్రతులు రాసిన మనిషి ఆయన భార్య సోఫియా. పదముగ్గురు బిడ్డలను కన్నది. 1910లో ఎనభైరెండేళ్ళ వయసులో ఆయన ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. అస్తాపవో స్టేషన్‌లో మరణశయ్య మీద ఉన్నప్పుడు, తెలివి తప్పేదాకా ఆమెను లోపలికి రానివ్వలేదు. ప్రపంచానికంతటికీ తన్ను తాను తెరిచి చూపించినవాడి గది తలుపు ఒక్క మనిషికి మూసి ఉన్నది.

అరుణాచలం కథలోనూ ఇటువంటి తలుపు ఒకటి ఉన్నది. రమణులు పదహారేళ్ళ వయసులో, 1896లో, ఇల్లు విడిచి ఆ కొండకు వచ్చారు. ‘నేనెవడను’ అన్న విచారమే ఆయన బోధకు మూలం. ఇరవై ఏళ్ళ తరువాత ఆయన తల్లి అళగమ్మ ఆ కొండ మీదికే వచ్చి చేరింది. స్కందాశ్రమంలో పొయ్యి వెలిగించి వంట మొదలుపెట్టింది ఆమే. 1922లో ఆమె పోయింది. ఆమె సమాధి చుట్టూనే ఇప్పటి రమణాశ్రమం పెరిగింది. భక్తులు దీన్ని మాతృభక్తికి నిదర్శనంగా చెబుతారు, చెప్పుకోనివ్వండి. నేను చూసేది వేరు. నేనెవడను అని ఒంటరిగా అడిగే మనిషికి కూడా అన్నం పెట్టే మనిషి ఒకరు కావలసి వచ్చింది. ఆ అన్నం పెట్టిన మనిషి అదే ప్రశ్న వేసుకోవడానికి ఎంత తీరిక దొరికింది? మనిషి సారం ఎవరిలోపల వారికి వేరుగా దాగి ఉండేది కాదనీ, అది సామాజిక సంబంధాల సమాహారమనీ మార్క్స్ 1845లోనే గుర్తించాడు. ఆ మాట నిజమైతే కళ్ళు మూసుకొని తనను తాను తెలుసుకోవడం కుదరదు. తెలుసుకోవాలంటే మనతో బతుకుతున్నవారిని అడగాలి.

ఇక మన వంతు.

ఈ ఏడు బి.ఏ. తరగతిలో నేను చలం పాఠం చెబుతున్నాను. స్త్రీ పుస్తకం గురించి నాకు వచ్చినంత ఆవేశంగానే చెప్పాను. వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి, ‘ఇంత రాసినాయన గురించి ఆయన భార్య ఏమనుకున్నదో ఎక్కడ దొరుకుతుంది సార్?’ అని అడిగింది. ఆయన ఆత్మకథలో ఉన్నదని చెప్పాను. ‘అది ఆయన రాసింది గదా సార్’ అన్నది. నిజమే. చలం తన ఇంటి సంగతులు దాచుకున్నవాడు కాడు. పెళ్ళాడిన అమ్మాయికి పెద్దల మాట కాదని చదువు చెప్పించినవాడు. అయినా ఆ ఇల్లు మనకు చాలావరకు ఆయన కలం లోంచే తెలుసు. నేను తడుముకుంటూ ఉండగానే ఆ అమ్మాయి రెండో మాట అడిగింది. ‘పోనీ, మన ఉద్యమాల్లో పనిచేసినవాళ్ళ ఇళ్ళ సంగతి ఎవరైనా రాశారా సార్?’

రాశారు. కాని రాసింది మనం కాదు. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ ప్రచురించింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలు వారి నోటనే విని పుస్తకంగా వేశారు. పోరాటం ముగిసి ముప్పైఅయిదేళ్ళయింది అప్పటికి. అడవుల్లో తిరిగినవారు, తుపాకి పట్టినవారు, దళాలకు కబురు చేరవేసినవారు, బిడ్డలను పోగొట్టుకున్నవారు అందులో మాట్లాడారు. పోరాటం మీద వారికి గర్వమే. తాము మనుషులమని తెలిసింది అక్కడేనని చెప్పినవారున్నారు. పోరాట విరమణ తరువాత ఇంటికి వెళ్ళి పెళ్ళిళ్ళు చేసుకొని సంసారాలు చూసుకోండి అన్నప్పుడు కలిగిన బాధ కూడా వారు దాచలేదు. మగ కామ్రేడ్లు రాసిన చరిత్రలు అప్పటికే చాలా ఉన్నాయి. ఎత్తుగడలు ఉన్నాయి, తీర్మానాలు ఉన్నాయి, తప్పొప్పుల చర్చ ఉన్నది. ఈ బాధకు వాటిలో చోటెక్కడ?

లెనిన్ 1920లో క్లారా జెట్కిన్‌తో మాట్లాడుతూ ఈ విషయమే ఎత్తాడని ఆమె జ్ఞాపకాలలో ఉన్నది. ఇంటి చాకిరీలో భార్య అరిగిపోతుంటే నిశ్చింతగా చూస్తూ కూర్చునే కామ్రేడ్లను ఆయన వదిలిపెట్టలేదు. స్త్రీల విషయం దగ్గర కాస్త గీకి చూస్తే కమ్యూనిస్టు పొర కింద పాతకాలపు గృహస్థు బయటపడతాడన్నాడు. మన అధ్యయన తరగతుల్లో ఆ పుస్తకం చదువుతాం. చదివే గదిలోకి టీ కప్పులు ఎవరు తెస్తున్నారో ఆ పూట కూడా తల ఎత్తి చూడం. నేను చూశానని కాదు. స్త్రీవాద కవిత్వం మీద ప్రసంగించడానికి పొరుగూరు వెళ్ళి, మా వాడు నూట మూడు డిగ్రీల జ్వరంతో ఉన్నాడన్న సంగతి మర్నాడు పొద్దున ఇంటికొచ్చి విన్నవాణ్ణి నేను. మా ఆవిడ ఫోను చేయలేదు. ఎందుకు చేయలేదని కేకలేశాను. ‘చేస్తే వస్తారా?’ అన్నది. నా దగ్గర జవాబు లేదు.

విశ్వాసం గురించి కూడా ఇక్కడే మాట్లాడాలి. మా ఊళ్ళో ఒక పెద్దాయన ఉన్నాడు. నలభై ఏళ్ళు ఉపాధ్యాయ ఉద్యమంలో పనిచేశాడు. నాకు శ్రీశ్రీని చదవడం నేర్పింది ఆయనే. నాలుగేళ్ళ క్రితం ఆయన భజన మందిరానికి వెళ్తున్నాడని తెలిసి మావాళ్ళంతా నవ్వారు. వయసు మీద పడితే అంతే అన్నారు. పలాయనవాదం అన్న మాట ఇక్కడా వినిపించింది, అదే గొంతుతో. నేను వెళ్ళి అడిగాను. ఆయనకు కోపం రాలేదు. ‘మీ అత్తయ్య ఆరు నెలలు మంచం మీద ఉన్నది గదరా. మన వాళ్ళు సంతాప సభకు వచ్చారు, బాగా మాట్లాడారు. ఆ ఆరు నెలలూ వంతులవారీగా వచ్చి పక్క మార్చింది మాత్రం భజన గుంపులోని ఆడవాళ్ళు. దేవుడున్నాడో లేడో నాకింకా తెలియదు. వాళ్ళు ఉన్నారని తెలుసు’ అన్నాడు.

మతాన్ని మత్తుమందు అన్న మార్క్స్ మాట మనందరికీ కంఠస్థమే. ఆ మాట వచ్చిన చోటనే మతం పీడితుడి నిట్టూర్పు అనే అర్థంలో కూడా ఆయన మాట్లాడాడు. ఆ భాగం మనం దాటేస్తాం. నిట్టూర్పు ఎందుకు వచ్చిందో అడగకుండా మత్తు మీద ఉపన్యాసం చెప్పడం తేలిక. ఆ పెద్దాయన చేసింది తప్పే అనుకుందాం. ఆ తప్పులో మన వాటా ఎంతో లెక్కవేయడానికి ఏ సభ పెట్టాం?

‘ఇవన్నీ వ్యక్తిగత విషయాలు. ఉద్యమం ఎదుట పెద్ద శత్రువు ఉన్నప్పుడు భార్యాభర్తల సంగతులు, మనసులోని గుంజాటనలు ముందుకు తేవడం పెటీ బూర్జువా వ్యక్తివాదం’ అని కొందరు మిత్రులు తప్పక అంటారు. ఇంతకు ముందు అన్నారు కూడా. ఈ వాదంలో ఒక చాతుర్యం ఉన్నది. పెద్ద శత్రువు లేని రోజు ఎప్పుడూ రాదు. కనుక ఈ ప్రశ్న వంతు కూడా ఎప్పుడూ రాదు. మరొకటి. భూస్వామి పాలేరు మీద చెలాయించే అధికారాన్ని రాజకీయం అంటాం. అదే అధికారం మన ఇంట్లో మనం చెలాయిస్తే వ్యక్తిగతం అంటాం. గీత ఎక్కడ గీశామో చూస్తే, సరిగ్గా మన గుమ్మం దగ్గరే గీశాం.

ఇది నీతికి సంబంధించిన గొడవ మాత్రమే అయితే నేనింత రాసేవాణ్ణి కాదు. సృజనకు కూడా దీనితో సంబంధం ఉన్నది. మన కథల్లో చాలావాటికి ప్రాణం ఎందుకు లేదు? వస్తువు ఉన్నది, ఆగ్రహం ఉన్నది, ముగింపులో జెండా కూడా ఉన్నది. కథానాయకుడికి మాత్రం ఇల్లు లేదు. ఉంటే ఆ ఇంట్లో చీకటి లేదు. తన లోపల పిరికితనాన్నీ అధికార దాహాన్నీ ఒక్కసారి కూడా పట్టి చూడని రచయిత భూస్వామి పాత్ర రాస్తే అది గోడ మీది బొమ్మలాగే ఉంటుంది, ఆ స్వభావం తనకు తెలియదనుకుంటాడు గనక. గురజాడకు ఈ రహస్యం తెలుసు. 1910 నాటి దిద్దుబాటులో సంస్కరణ భావాలున్న భర్త సానిపాటలో మైమరచి అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరతాడు. గురజాడ వేలు చూపించింది ఛాందసుల వైపు కాదు, సంస్కర్తల వైపు, అంటే తన వైపు. గిరీశం అంతగా బతికి ఉండటానికి కూడా ఆ చూపే కారణమని నా నమ్మకం. రావిశాస్త్రి 1953 నాటి అల్పజీవిలో సుబ్బయ్య భయాన్ని లోపలి నుంచి చూపించాడు. ఆ నవలలో మనసు లోతులు ఉన్నాయి, మఠం లేదు. మనసులోకి దిగినవాడల్లా ఆశ్రమంలో తేలడని చెప్పడానికి ఆ ఒక్క పుస్తకం చాలు. ఓల్గా 1987లో స్వేచ్ఛ రాసినప్పుడు మన పక్షం వారే దాని మీద ఎంత వాదులాడారో పాత పాఠకులకు గుర్తుండే ఉంటుంది. చలం వేసిన ప్రశ్నను మైదానం నుంచి తెచ్చి, పనీ ఉద్యోగమూ ఉద్యమమూ ఉన్న ఇంట్లో పెట్టి అడిగింది ఆ నవల. అభ్యుదయ సాహిత్యం చేయవలసిన పనిని ఒక స్త్రీ చేసింది. మనం ఆమె దగ్గర పాఠం నేర్చుకోవడం మాని పరీక్ష పెట్టాం.

చలం యోగ్యతాపత్రం రాసిన మహాప్రస్థానం పుస్తకంగా అచ్చయింది కూడా ఆ 1950లోనే. కవిని మనం నెత్తిన పెట్టుకున్నాం. ఆ కవిని లోకానికి పరిచయం చేస్తూ, కవిత్వాన్ని అనుభవించడమంటే ఏమిటో అన్ని పుటలు రాసిన మనిషి అదే ఏడు కొండ దారి పట్టాడు. ఆ ముందుమాట రాసిన కళ్ళూ, అరుణాచలం వైపు తిరిగిన కళ్ళూ వేరు వేరు మనుషులవి అని నమ్మడం నాకు సాధ్యం కాదు. పరీక్షల కోసం మా విద్యార్థులకు అలా బోధించమంటే బోధిస్తాను, జీతం తీసుకుంటున్నాను గనక.

పోయిన ఆదివారం ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళాను. సంఘం పని మీద కాదు, ఊరికే. ఆయన ఇప్పుడు తనే వండుకుంటున్నాడు. పప్పులో ఉప్పు ఎక్కువైంది. యాభై ఏళ్ళు ఆవిడ ఉప్పు ఎంత వేసేదో అడగనే లేదురా అన్నాడు. బయలుదేరబోతుంటే లోపలికి వెళ్ళి పాత మహాప్రస్థానం ప్రతి తెచ్చి చేతిలో పెట్టాడు. ముందుమాట పుటలు కుట్టు ఊడి విడిపోతున్నాయి. బైండింగు చేయించి పట్టుకు రమ్మన్నాడు. ఆ అమ్మాయికి చూపించి, తరువాత బైండరుకు ఇస్తాను.